బాలబాలికల ముఖమునకు శస్త్రచికిత్స: చేయింపవలసినదియు, వేచియుండవలసినదియు

(కుమ్మర శాలివాహన కులస్థుల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ వేదికమీద విద్యను గూర్చియు, కులవృత్తిని గూర్చియు, ఐకమత్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట మన యాచారము. మేము నేడు వానికి భిన్నమైన విషయము నొకదానిని విన్నవింప దలచితిమి. అది మన బిడ్డల ముఖములను గూర్చినది. దీనిని గూర్చి మన యిండ్లలో చాటున మాటలాడుకొందురే గాని సభలలో మాటలాడరు. మొర్రితో బిడ్డ పుట్టినచో ఆ బిడ్డను చుట్టములకు జూపరు. ఒక చెవి లేక పుట్టిన బాలునకు జుట్టు పెంచి ఆ చోటు కప్పుదురు. మొగము కాలిన బాలికను బడి మాన్పింతురు. మఱియొక వైపున, ఏ లోపమును లేని పదునాఱేండ్ల పిల్లను ముక్కు సన్నముగా లేదని వైద్యునియొద్దకు గొనిపోవువారును నేడు కలరు. అవసరమున్నచోట ఆలస్యము, అవసరము లేనిచోట తొందర. ఈ రెండును ఒకే మూలమునుండి పుట్టుచున్నవి. చూచువారి కన్నులను గూర్చి మనము భయపడుచున్నామే గాని, ఆ ముఖముతో బ్రదుకవలసిన బిడ్డను గూర్చి యాలోచించుట లేదు. ఏది ఎప్పుడు చేయింపవలయును, ఏది చేయింపక వేచియుండవలయును అను వివేకమును కలిగించుటయే మా యుద్దేశము.

పేరును, పూర్వచరిత్రయు

మొదట ఈ విద్యకు గల పేరును గూర్చి యొక్క మాట. 'ప్లాస్టిక్ సర్జరీ' యనగానే ముఖములో ప్లాస్టిక్ ముక్క నేదో పెట్టుదురని పలువురు భయపడుదురు. అది నిజము కాదు. గ్రీకు భాషలో మట్టిని గాని మైనమును గాని మలచుట యను నర్థముగల క్రియనుండి యీ పేరు పుట్టినది. నేడు మన మింట వాడు ప్లాస్టిక్ వస్తువులు పుట్టకమునుపే, 1818వ సంవత్సరముననే, జర్మను వైద్యుడు గ్రేఫె ముక్కు నిర్మాణమును గూర్చిన తన గ్రంథమునకు ఈ మాటతోనే పేరు పెట్టెను. మట్టిని మలచుటయే జీవనముగా గల మనకు ఈ పేరు పరాయిది కాదు.

విద్యయు పరాయిది కాదు. సుశ్రుత సంహితయందు సూత్రస్థానము 16వ అధ్యాయమున తెగిన చెవితమ్మెలను అతికించు పదునైదు విధములును, చెక్కిలి చర్మముతో ముక్కును మరల నిర్మించు పద్ధతియు చెప్పబడినవి. 1794వ సంవత్సరము అక్టోబరు నెలలో లండనునందలి జెంటిల్మన్స్ మాగజైన్ అను పత్రికలో ఒక లేఖ వెలువడినది. కవాస్జీ యను మహారాష్ట్ర బండివాడు ఇంగ్లీషు సైన్యమును సేవించుచు 1792వ సంవత్సరపు యుద్ధమున టిప్పుసుల్తాను సైనికులకు చిక్కెను. వారతని ముక్కును, ఒక చేతిని కోసివేసిరి. అతడు ఒక సంవత్సరము ముక్కులేక యుండెను. పిమ్మట పూనా సమీపమున నొకడు మైనముతో ముక్కును చేసి, దానిని పఱచి నుదుటిమీద నుంచి గీత గీసి, ఆ మేరకు చర్మమును లేపి, కనుబొమల నడుమ నొక పీలికను విడువక క్రిందికి త్రిప్పి క్రొత్త ముక్కును నిలిపెను. కాచును నీటిలో మెత్తపఱచి గుడ్డపీలికలకు పట్టించి అతుకుమీద వేసెను. ఇరువదియైదు దినములైన పిమ్మట నడిమి పీలికను కోసెను. ఈ పని చేసినవాడు ఇటుకలు చేయు కులమువాడని యా లేఖలో నున్నది. కుంభార కులస్థుడే యని చరిత్రకారులు పలువురు తలంతురు. ఆ లేఖను చదివిన కార్ప్యూ యను వైద్యుడు 1814లో లండనులో ఆ విధముననే ముక్కును కట్టెను. ఐరోపాలో ఈ విద్య మరల తలయెత్తుటకు అది కారణమయ్యెను.

కులప్రశస్తికై మేమిది చెప్పుట లేదు. వికలమైన ముఖముగలవాడు మరల నలుగురిలో తిరుగునట్లు చేయుట మంచి పనియని మన పెద్దలు తలచిరి. దానిని సిగ్గుపడి దాచవలసిన పనిగా వారు తలంపలేదు. వారి సంతతివారమైన మనము బిడ్డను లోపలిగదిలో దాచుట తగునా?

గ్రహణపు మొర్రి

బిడ్డల ముఖలోపములలో అన్నింటికంటె ముందు చెప్పవలసినది మొర్రి. రమారమి ఏడువందల కానుపులలో నొకదాన పెదవి గాని, అంగిలి గాని, రెండును గాని చీలి బిడ్డ పుట్టును. మన ప్రాంతములలో దీనికి గ్రహణపు మొర్రి యని పేరు. గ్రహణకాలమున గర్భిణి కత్తి పట్టినదనియో, బయటికి వచ్చినదనియో చెప్పి తల్లిని నిందింతురు. ఈ నింద అన్యాయము. ఎట్లనిన, గర్భము నిలిచిన నాలుగవ వారము మొదలు ఏడవ వారములోపల పైపెదవి రెండు ప్రక్కలనుండి పెరిగి వచ్చి కలిసికొనును. అంగిలి పండ్రెండవ వారములోపల కలిసికొనును. ఆ కలయిక జరుగకపోవుటయే మొర్రి. పెదవి కలియునాటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమను సంగతియే నిశ్చయముగా తెలియదు. అయిదవ నెలలో పట్టిన గ్రహణము రెండవ నెలలో కలిసిపోయిన పెదవిని చీల్చజాలదు. వంశమునందలి కారణములు, తల్లి దేహస్థితి, పొగత్రాగుట, మూర్ఛకు వాడు కొన్ని మందులు మున్నగునవి దీనికి హేతువులని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. పలుచోట్ల ఏ హేతువును కనబడదు. మూర్ఛమందు వాడు స్త్రీ తనంతట తాను మందు మానరాదు. గర్భము ధరింపకమునుపే వైద్యుని నడిగి మందును మార్పించుకొనవలయును. ఇంట నొకసారి యిట్టి కానుపైనచో, మేనరికములు చేయు మన కుటుంబములవారు మరుసటి గర్భమునకు ముందే వైద్యుని సలహా నడుగుట మేలు.

బిడ్డ పుట్టినదిమొదలు మొదటి కష్టము పాలుత్రాగుట. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము చీకలేదు; పాలు ముక్కుగుండ వచ్చును. అట్టిచో తల్లి తన పాలను పిండి, బిడ్డ తల యెత్తిపట్టి, ఉగ్గుగిన్నెతో గాని చెంచాతో గాని కొంచెము కొంచెముగా పోయవలయును. మన యమ్మమ్మల ఉగ్గుగిన్నె యిచ్చట ప్రాణరక్షకము. బిడ్డ బరువు పెరుగనిదే వైద్యుడు కత్తి పట్టడు. పది వారముల వయస్సు, పది పౌనుల బరువు, అనగా నాలుగున్నర కిలోలు, రక్తములో పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలయునను 'పదుల సూత్రము' వైద్యులలో ప్రసిద్ధము. సామాన్యముగా మూడవ నెలనుండి ఆఱవ నెలలోపల పెదవిని కుట్టుదురు.

ఇచ్చటనే పలువురు తల్లిదండ్రులు పొరపడుచున్నారు. పెదవి బాగుపడగానే బిడ్డ చక్కనిదైనదని సంతసించి మరల ఆసుపత్రి ముఖము చూడరు. పెదవి లోకమునకు కనబడును, అంగిలి కనబడదు. కాని బిడ్డ బ్రదుకునకు అంగిలియే ముఖ్యము. అది తెఱచియున్నచో గాలి ముక్కుగుండ పోయి, ప, బ, త, ద, క, గ మున్నగు నక్షరములు స్పష్టముగా పలుకవు. మాటలు నేర్చు వయస్సునకు ముందే, అనగా తొమ్మిదవ నెల మొదలు ఏడాదిన్నరలోపల, అంగిలిని మూయింపవలయును. ఏండ్లు గడచి మూయించినను ముక్కుతో పలుకు నలవాటు తనంతట తాను పోదు. ఆ బిడ్డ బడిలో పాఠము చెప్పుటకు లేచినప్పుడు తోడిపిల్లలు నవ్వుదురు. కొన్నాళ్లకు ఆ బిడ్డ లేచుట మానును. పిదప బడియే మానును. నెలలలో తీరవలసిన పనిని చేయింపనందున ఒక జీవితము మూగవోవును.

తక్కిన మెట్లను గూర్చి సంగ్రహముగా చెప్పెదము. అంగిలి చీలిన బిడ్డలకు చెవిలోపల నీరు చేరి వినికిడి తగ్గుట తఱచు గనుక చెవులను పరీక్ష చేయింపవలయును. మాట నేర్పు శిక్షకునియొద్దకు కొన్నాళ్లు తీసికొనిపోవలయును. పంటిగట్టు చీలియున్నచో, కోరపల్లు దిగకమునుపు, ఎనిమిది మొదలు పదునొకండేండ్ల నడుమ, తుంటియెముకనుండి కొంత తీసి అచ్చట నింపుదురు. దవుడలు సరిపడనిచో పెరుగుదల ముగిసిన పిమ్మట, పదునెనిమిదవయేటి ప్రాంతమున సరిచేయుదురు. కావున మొర్రి చికిత్స యొక్క దినపు పని కాదు. బిడ్డ పెరిగి పెద్దయగువఱకు సాగు పని. ఈ సంగతి మొదటనే తెలిసికొన్నవారు నడుమ విడువరు.

ఉత్తరప్రదేశమునందు మీర్జాపురము జిల్లా గ్రామపుబాలిక పింకీ కథ మీలో కొందఱు వినియుందురు. మొర్రివలన బడికి పోలేకపోయిన ఆ బీదపిల్లకు వారణాసిలో వెలలేకయే శస్త్రము జరిగెను. ఆ కథను చిత్రించిన 'స్మైల్ పింకీ' యను లఘుచిత్రమునకు 2009లో ఆస్కారు బహుమానము వచ్చెను. 2013లో వింబుల్డను టెన్నిసు పురుషుల తుదిపోటీకి ముందు నాణెము నెగురవేసినది ఆ బాలికయే. అందఱు పింకీలకును బహుమానములు రానక్కఱలేదు. బడికి పోగలిగిన చాలును.

చెవులు, మచ్చలు, కాలిన గాయములు

చెవులను గూర్చి తల్లులు ముందుగా తెలిసికొనవలసిన దొకటి కలదు. పుట్టిన మొదటి కొన్ని వారములు బిడ్డ చెవి మృదులాస్థి పచ్చిమట్టివలె మెత్తగా నుండును. మడతపడిన చెవికి, విచ్చుకొన్న చెవికి ఆ దినములలో అచ్చు పెట్టి కట్టినచో కత్తి లేకయే పెక్కుసార్లు సరిపడును. ఆ యదను దాటినచో అయిదాఱేండ్లవఱకు ఆగవలయును. అప్పటికి చెవి పెద్దవారి చెవి కొలతకు చాలవఱకు వచ్చును గనుక శస్త్రము చేయవచ్చును. అయినను బిడ్డకు బాధ లేనిచో చేయించి తీరవలసిన పని కాదు. చెవియే యేర్పడక పుట్టిన బిడ్డకు మొదట వినికిడి పరీక్ష, పిమ్మట ఆకారము. ప్రక్కయెముకల మృదులాస్థిని తీసి చెవిగా చెక్కి అమర్చు పద్ధతి కలదు. దానికి ఛాతి తగినంత పెరుగవలయును గనుక ఆఱు మొదలు పదియేండ్లవఱకు వేచియుందురు. చెవిని కుట్టించినచోట గడ్డవలె పెరిగిన మచ్చను ఊరక కోయించినచో మరల పెరుగుట తఱచు. దానికి సూదిమందు మొదలైన తోడు చికిత్సలు కావలయును.

పుట్టిన కొన్ని వారములలో ఎఱ్ఱగా పొడచూపి, మొదటి యేడు పెరిగి, తరువాత ఏండ్లమీద క్షీణించు రక్తనాళపు గడ్డ లొకవిధము. వీనిలో పెక్కింటికి ఏ శస్త్రమును అక్కఱలేదు. కంటికి అడ్డమైనను, పుండుపడినను, ఊపిరికి అడ్డు తగిలినను వెంటనే వైద్యునికి చూపవలయును. ప్రొప్రనొలాల్ అను మందు వీనిని కరగించునని 2008లో ఫ్రాన్సు దేశపు వైద్యులు కనుగొనిరి. చదునుగా ద్రాక్షరంగుతో నుండు మచ్చ వేఱు. అది తనంతట పోదు. లేసరు కిరణముల చికిత్స దానికి తగినది. రెండింటికిని వాతలు పెట్టుటయు, ఆకుపసరులు పూయుటయు హానికరము.

నిప్పుతో బ్రదుకు మనకు కాలిన గాయముల సంగతి చెప్పకుండరాదు. ఆవము దగ్గఱనో, కాగు నీళ్లవలననో, వంటింటిలోనో బిడ్డ మొగము కాలినచో మొదట చేయవలసినది ఇరువది నిమిషములు చల్లని ధారనీరు పోయుట. మంచుగడ్డయు, సిరాయు, పేడయు, పండ్లపొడియు పనికిరావు. గాయము మానిన పిమ్మట చర్మము ముడుచుకొని రెప్ప మూతపడకపోవచ్చును, నోరు తెఱువరాకపోవచ్చును, గడ్డము రొమ్మునకు అంటుకొనవచ్చును. రెప్ప మూయబడనిచో కన్నే పోవును గనుక దానికి ఆలస్యము పనికిరాదు. తక్కిన మచ్చలు పక్వమగుటకు ఒక యేడాదియైనను పట్టును. పెరుగు బిడ్డకు ముఖము పెరిగినను మచ్చ పెరుగదు. అందువలన మరల మరల శస్త్రము కావలసి రావచ్చును. ఇది వైద్యుని లోపము కాదు.

యౌవనారంభమున సౌందర్యపు శస్త్రములు

ఇంక రెండవ వైపునకు వత్తుము. ఇచ్చట మా మాట 'త్వరపడుడు' అని గాదు, 'ఆగుడు' అని. ముక్కు ఆకారమును మార్చు శస్త్రము బాలికలకు పదునైదు పదునాఱేండ్లకు ముందును, బాలురకు పదునేడు పదునెనిమిదేండ్లకు ముందును సామాన్యముగా చేయరు. ముఖమధ్యము పెరుగుటకు ముక్కులోని మృదులాస్థి ఆధారము. పెరుగుదల ముగియక దానిని కోసినచో ముఖపు పెరుగుదలయే చెడవచ్చును. ఊపిరి యాడకపోవుట, దెబ్బతగిలి విరుగుట వేఱు సంగతులు. ముక్కు విరిగినప్పుడు వారము పదిదినములలోపలనే సరిచేయింపవలయును.

వయస్సు వచ్చినను మఱియొక ప్రశ్న కలదు. ఈ కోరిక యెవరిది? పిల్లదా, తల్లిదా, పెండ్లిచూపులకు వచ్చి పెదవి విఱిచిన వారిదా? చేతిదూరమున పట్టిన ఫోను కెమెరా ముక్కును ఉన్నదానికంటె వెడల్పుగా చూపును; ఆ బొమ్మను చూచి కుందు పిల్లలు పెరుగుచున్నారు. లేని లోపమును ఉన్నట్లు భావించి గంటలకొలది అద్దము ముందు కుమిలిపోవుట యొక మనోవ్యాధి. అది తఱచు ఈ వయస్సుననే మొదలగును. దానికి కత్తి మందు కాదు. ముక్కు మారినను మనస్సు మారదు. అట్టి పిల్లలకు మానసిక వైద్యుడు కావలయును. పదునెనిమిదేండ్లు నిండనివారికి సౌందర్యముకొఱకు బొటాక్స్ మొదలగు సూదులు వేయరాదని ఇంగ్లండులో 2021లో చట్టమే చేసిరి.

ఒక తల్లి అడుగవచ్చును: "మొర్రికి శస్త్రము మంచిదంటిరి, ముక్కుకు వద్దంటిరి, రెండును అందముకొఱకే గదా?" కాదు తల్లీ. మొర్రి బిడ్డ తినుటకు, పలుకుటకు, వినుటకు అడ్డువచ్చును. ఆలస్యము చేసినకొలది నష్టము పెరుగును. వెడల్పు ముక్కు దేనికిని అడ్డురాదు. వేచియున్నందున ఏమియు పోదు. విచ్చుకొన్న చెవులవలన బడిలో నిత్యము వేదనపడు బాలుడు తానే అడిగినచో వినవలయును. పిల్లవాడు అడుగనిదే పెద్దలు తొందరపడరాదు. మా కొలబద్ద యిదే: బిడ్డకు దీనివలన తక్కువపడునది యేమి, ఆగినచో పోవునది యేమి?

సహాయమును, జాగ్రత్తయు

వైద్యుని యెన్నికలో మొగమాటము వలదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని తత్సమానమైన జాతీయ బోర్డు పట్టము గాని కలదా, పసిబిడ్డలకు మత్తు ఇచ్చుటలో అనుభవముగల వైద్యుడున్నాడా, ఇట్టి శస్త్రములు తఱచు చేయుదురా యని యడుగుట మీ హక్కు. అలంకరణశాలలలో సూదులు వేయువారిని నమ్మకుడు. ఏ శస్త్రమునకైనను మచ్చ మిగులును, చీము పట్టవచ్చును, మరల చేయవలసి రావచ్చును. ఈ మాట చెప్పని వైద్యునికంటె చెప్పిన వైద్యుడే మేలు.

ధనము లేదని వెనుదీయ నక్కఱలేదు. పుట్టినదిమొదలు పదునెనిమిదేండ్లవఱకు బిడ్డల లోపములను కనిపెట్టి చికిత్సకు పంపుటకై రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ఏర్పడినది. మొర్రి ఆ పట్టికలో నున్నది. అంగన్‌వాడీలకును, బడులకును వచ్చు ఆ వైద్యబృందమునకు బిడ్డను దాచక చూపుడు. తెలంగాణమున ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ బీదలకు ఉన్నవి. స్మైల్ ట్రెయిన్ వంటి ధర్మసంస్థల సాయముతో మొర్రి శస్త్రములు వెలలేక చేయు ఆసుపత్రులును కలవు.

సంఘమునకు మా విన్నపము

శస్త్రము వెలలేకయే దొరకునప్పుడు సంఘము చేయవలసిన దేమున్నదని మీరడుగవచ్చును. చాల నున్నది. కుండలమ్మి దినము గడుపుకొను కుటుంబమునకు పట్టణప్రయాణము, అచ్చటి బస, కోలుపోయిన కూలి, మాట నేర్పు శిక్షకునియొద్దకు పలుమారు తిరుగుట భారమగును. అంగిలి శస్త్రమునకు రాక నిలిచిపోవు బిడ్డలలో ఎందఱో ఈ ఖర్చులకు జడిసియే నిలిచిపోవుచున్నారు. కావున పోషకులు విద్యార్థి వేతనములకు నిధి యేర్పఱచినట్లే, ఈ బిడ్డల ప్రయాణములకును శిక్షణకును ఒక చిన్న నిధిని వేఱుగా నుంచవలయును. ప్రతి గ్రామశాఖయు తన యెల్లలలో నిట్టి బిడ్డ పుట్టిన వారములోపల ఆ యింటికి ఒక పెద్దమ్మను పంపవలయును. ఆమె తల్లిని నిందింపక ఉగ్గుగిన్నెతో పాలుపోయు విధము చూపి, ఏ నెలలో ఎచ్చటికి పోవలయునో చెప్పవలయును.

కడపటిది అన్నింటికంటె కష్టము. దానికి ధనము చాలదు. మన సంఘము వధూవరుల పరిచయములు జరుపుచున్నది. చిన్ననాడు మొర్రికి శస్త్రము జరిగి, చక్కగా చదువుకొని, చక్కగా మాటలాడు పిల్లను పెదవిమీది సన్నని గీతను చూచి వెనుకకు పంపుట జరుగుచున్నది. వెడల్పు ముక్కుగల పిల్లను వైద్యశాలకు తఱుముచున్నదియు ఆ చూపే. మన చూపు మారనంతకాలము వైద్యుని చేతి నైపుణ్యము సగము పని మాత్రమే చేయగలదు. ఇక్కడ కూర్చున్న తండ్రులలో పదిమందియైనను, మా కుమారునికి పిల్లను చూచునప్పుడు ఇట్టి గీతను లోపముగా నెంచమని నేడు తమ మనస్సులో తీర్మానించుకొన్నచో, ఈ మహాసభ జరిగినందుకు ఫలము దక్కినట్లే.

 ఈ వేదికకు వెనుక చీకటిలో, కొంగుచాటున బిడ్డను దాచుకొని యే తల్లియైన నిలిచియున్నచో, ఆమె ముందుకు వచ్చి దీపము వెలుగులో మాతో కూర్చుండవలయునని ప్రార్థించుచు విరమించుచున్నాము.